రైజెన్ 5 5600 ఓవర్‌క్లాకింగ్: గిగాహెర్ట్జ్ కంటే ముందు వేడి సంగతి చూడండి

మీరు చెప్పిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, ఇదే సెటప్ ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. ప్రాసెసర్ రైజెన్ 5 5600, బి550 బోర్డు, డబ్బాలో వచ్చిన రేత్ స్టెల్త్ కూలర్, 3200 స్పీడు డీడీఆర్4 ర్యామ్ రెండు స్టిక్కులు, గ్రాఫిక్స్‌కి ఆర్‌టీఎక్స్ 3060. ఊరు ఖమ్మం, గదిలో ఏసీ లేదు. ఏదో వీడియో చూసి ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడుపుదామని, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) 4.7 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులు పెట్టారు. విండోస్ వచ్చింది, కానీ సినీబెంచ్ (ప్రాసెసర్ మీద పూర్తి బరువు వేసి స్కోరు ఇచ్చే టెస్టు) మొదలైన నిమిషానికే సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. వోల్టేజి ఇంకా పెంచాలా, లేక కూలర్ మార్చాలా అని అడిగారు.

వోల్టేజి పెంచకండి. ఇప్పుడున్న సెట్టింగు కూడా తీసేసి బయోస్‌లో డిఫాల్ట్స్ లోడ్ చేయండి. కూలర్ మార్చాలి, కానీ 4.7 స్థిరంగా నిలబెట్టడం కోసం కాదు. ఈ చిప్ విషయంలో ఆ దారే అనవసరం.

కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. ప్రాసెసర్ తినే పవర్ క్లాక్‌తో (గిగాహెర్ట్జ్‌లో చెప్పే వేగంతో) మామూలుగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గంగా పెరుగుతుంది. చిప్ 1.20 వోల్టుల దగ్గర 4.4 గిగాహెర్ట్జ్ నడుస్తోందనుకోండి. దాన్ని 1.35 వోల్టులు, 4.7కి తీసుకెళ్తే క్లాక్ 7 శాతం పెరిగింది. పవర్ మాత్రం 1.27 (వోల్టేజి పెరుగుదల వర్గం) ఇంటు 1.07, అంటే దాదాపు 35 శాతం పెరిగింది. 5600కి ఏఎండీ పెట్టిన పవర్ పరిమితి 76 వాట్లు. అది 100 దాటిపోతుంది. పైగా మీరు చేత్తో ఒకే క్లాక్, ఒకే వోల్టేజి పెట్టగానే ప్రాసెసర్ తనంతట తాను పాటించే పవర్, కరెంటు పరిమితులు పక్కకు పోతాయి. 65 వాట్ల తరగతి చిప్‌ల కోసం చేసిన చిన్న అల్యూమినియం ముక్క మీద ఆ భారం పడుతుంది. చిప్ వేడెక్కేకొద్దీ అదే క్లాక్‌కి ఇంకాస్త ఎక్కువ వోల్టేజి కావాలి. అది అందక కోర్ (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగం) తప్పు లెక్క చేస్తుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. అలాంటప్పుడు వోల్టేజి పెంచితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మళ్లీ వోల్టేజి చాలదు. గోరుచుట్టు మీద రోకటిపోటే.

రీస్టార్ట్ ఎందుకైందో ఊహించనక్కర్లేదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. కెర్నల్ పవర్ 41 అనేది 'సరిగా షట్‌డౌన్ కాలేదు' అని మాత్రమే చెబుతుంది, దానితో లాభం లేదు. దానికి దగ్గరలోనే, హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో 18 నంబరు ఎర్రర్ ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు కోర్‌కి వోల్టేజి చాలలేదని అర్థం. ఏ ఎర్రరూ లేకుండా మెషీన్ మొత్తం టక్కున ఆరిపోతే ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లైనో, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్‌ఎమ్ భాగాన్నో అనుమానించాలి. ఒట్టి వేడే అయితే ఇలా రీస్టార్ట్ కాదు. చిప్ తన క్లాక్ తగ్గించుకుంటుంది, స్కోరు పడిపోతుంది, అంతే.

ఇంకో మాట. డిఫాల్ట్స్‌లో ఉన్నప్పుడు ఒక కోర్ మీదే పని పడితే వోల్టేజి 1.4 దాకా చూపించడం చూసి చాలామంది కంగారుపడతారు. అది మామూలే. అప్పుడు పారే కరెంటు తక్కువ. అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు అదే వోల్టేజిని చేత్తో బిగించడం వేరే సంగతి. 'డిఫాల్ట్‌లోనే 1.4 వస్తోంది కదా, నేను 1.35 పెడితే ఏమవుతుంది' అనే వాదనలో పొరపాటు అక్కడే ఉంది.

ఇప్పుడు పద్ధతి. ముందు ఉన్న పరిస్థితిని కొలవాలి. బయోస్ డిఫాల్ట్స్‌లో ఒక్క ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) మాత్రం ఆన్ చేయండి. ఆసుస్ బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు. ఇది ఆఫ్‌లో ఉంటే మీ 3200 ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తూ ఉంటుంది. ఓవర్‌క్లాక్ కావాలని అడిగేవాళ్ల సిస్టమ్‌లలో ఎన్నింట్లోనో ఇదే ఆఫ్‌లో ఉంటుంది, గేముల్లో ఇది తెచ్చే తేడా ప్రాసెసర్‌కి 200 మెగాహెర్ట్జ్ కలిపినదానికన్నా ఎక్కువే. స్టిక్కులు రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు పాస్‌లు తిప్పండి. ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. ర్యామ్ తప్పును ప్రాసెసర్ తప్పు అనుకుని వెతకడం మొదలుపెడితే తల ప్రాణం తోకకొస్తుంది, అందుకే దాని సంగతి ముందే తేల్చుకోవాలి.

ఉష్ణోగ్రత, వాట్లు లాంటివి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64ని సెన్సార్స్ మోడ్‌లో తెరిచి, సినీబెంచ్ ఆర్23ని 10 నిమిషాల మల్టీకోర్ టెస్టులో పెట్టండి. రాసుకోవాల్సినవి: టీడై అనే ప్రాసెసర్ ఉష్ణోగ్రత, పీపీటీ (ప్రాసెసర్ తీసుకునే మొత్తం పవర్) వాట్లు, ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా నడిచిన వేగం), స్కోరు, వాటితోపాటు గది ఉష్ణోగ్రత. గోడకి తగిలించే మామూలు థర్మామీటర్ చాలు, కానీ దాన్ని క్యాబినెట్ ముందు, గాలి లోపలికి వెళ్లే చోట పెట్టండి. 5600 స్కోరు మామూలుగా పదకొండు వేల దరిదాపుల్లో ఉంటుంది. బాగా తక్కువ వస్తోందంటే వేడికి వెనక్కి తగ్గుతోందనో, వెనకాల ఇంకేదో ప్రోగ్రాం నడుస్తోందనో అర్థం.

గది ఉష్ణోగ్రత ఎందుకంటే, గాలి కూలర్ అయినా నీటి కూలర్ అయినా గది కంటే చల్లగా చేయలేదు. గది మీద ఎన్ని డిగ్రీలు పైన ఉంచుతుందన్నదే దాని సత్తా. 76 వాట్ల దగ్గర మీ కూలర్ గది కంటే 51 డిగ్రీలు పైన ఉంచుతోందనుకుందాం. జనవరిలో గది 25 ఉంటే ప్రాసెసర్ 76. మే నెల మధ్యాహ్నం గది 40కి చేరితే అదే లెక్కన 91. ఈ చిప్ గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. అంటే ఓవర్‌క్లాక్ ఊసే లేకుండా, కంపెనీ సెట్టింగుల్లోనే మీ చిప్ వేసవిలో వెనక్కి తగ్గుతుంది. యూట్యూబ్ రివ్యూల్లో కనిపించే అంకెలు చాలావరకు 20-22 డిగ్రీల గదుల్లో తీసినవి. వాటికి మీ గది తేడాని కలుపుకుని చదవండి.

కూలర్ కొనేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి అదే 10 నిమిషాల టెస్టు మళ్లీ చేయండి. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు మించి తగ్గిందంటే తప్పు కూలర్‌ది కాదు, క్యాబినెట్‌ది. ముందు భాగం మొత్తం గాజుతో మూసేసి, రంగు లైట్ల ఫ్యాన్లు మూడు బిగించి అమ్మే క్యాబినెట్లలో ఫ్యాన్లు తిరుగుతాయి, గాలి మాత్రం రాదు. అలాంటి దాంట్లో ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా వేడిగాలినే తిప్పి తిప్పి పంపుతుంది. ముందు జాలీ ఉన్న క్యాబినెట్, ముందు రెండు 120 ఎంఎం ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే మీ అవసరానికి చాలు. ఫ్యాన్ ఏ వైపు గాలి ఊదుతుందో చూడటం తేలిక. మోటారును పట్టుకుని ఉండే అడ్డపట్టీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది.

ఏసీ లేని ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది, గది కోసం పెట్టే నీళ్ల కూలర్‌ని నేరుగా సిస్టమ్ వైపు తిప్పడం. వద్దు. గాలి చల్లగానే ఉంటుంది, కానీ దానితో వచ్చే తేమకి హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము ముద్దలా అంటుకుపోతుంది, సన్నటి తుంపర బోర్డు మీద పడే ప్రమాదమూ ఉంది. కూలర్ గదిని చల్లబరచనివ్వండి, దాని మూతి మాత్రం సిస్టమ్ మీదికి వద్దు.

కూలర్ ఎంపిక పెద్ద పజిల్ కాదు. ఈ చిప్‌కి ఒక 120 ఎంఎం ఫ్యాన్, నాలుగు హీట్‌పైపులు ఉన్న టవర్ కూలర్ సరిపోతుంది. డీప్‌కూల్ ఏకే400 లాంటిది, రెండు మూడు వేల రూపాయల తరగతి. రేపు ఇదే బోర్డు మీద ఎనిమిది కోర్ల చిప్‌కి మారే ఆలోచన ఉంటే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ లాంటి రెండు టవర్లది తీసుకోండి. ఈ రెండింటి ఎత్తూ 155 ఎంఎం. మీ క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో సీపీయూ కూలర్ ఎత్తు ఎంత పడుతుందో చూసుకోకుండా ఆర్డరు పెట్టొద్దు, సన్నటి క్యాబినెట్లలో తలుపు మూసుకోదు. రెండు టవర్ల కూలర్‌లో ముందు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది, ర్యామ్‌కి ఎత్తైన అలంకారపు కవచం ఉంటే ఫ్యాన్‌ని కాస్త పైకి జరపాలి. అప్పుడు మొత్తం ఎత్తు ఇంకా పెరుగుతుంది.

240 ఎంఎం రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ గురించి కూడా అడిగారు. 76-95 వాట్ల చిప్‌కి అది దండగ. పంపు అనే ఇంకో పాడయ్యే భాగం చేరుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గుండా నీరు కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. ఒకవేళ ఇప్పటికే కొనేశారంటే రేడియేటర్‌ని పైన బిగించండి. లోపలి గాలి బుడగ ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది, ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు.

పాత కూలర్ తీయడం దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా ప్రాసెసర్ పాడుచేసుకుంటారు, కాబట్టి ఇక్కడ కాస్త నిదానించండి. ఏఎమ్4లో, అంటే మీ బోర్డు సాకెట్ రకంలో, పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్ వాటిని పక్కల నుంచి మాత్రమే పట్టుకుంటుంది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే, కూలర్‌ని నిటారుగా లాగినప్పుడు సాకెట్ లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని ఊడి వస్తుంది. పిన్నులు వంగుతాయి, ఒక్కోసారి విరుగుతాయి. అందుకని ముందు సినీబెంచ్ ఒక ఐదు నిమిషాలు తిప్పండి, పేస్ట్ మెత్తబడుతుంది. షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, ఫ్యాన్ వైరు పీకండి. నాలుగు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. స్క్రూలు పూర్తిగా ఊడాక కూలర్‌ని పైకి లాగకుండా, బోర్డు మీదే కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి. స్క్రూలు తీయగానే బోర్డు వెనక ఉన్న బ్యాక్‌ప్లేట్ కిందికి జారిపోతుంది, ఒక చెయ్యి వెనక ఉంచండి. చాలా టవర్ కూలర్లు అదే బ్యాక్‌ప్లేట్‌ని వాడుకుంటాయి, పారేయకండి.

పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మెడికల్ షాపు స్పిరిట్‌లో కొన్నిసార్లు నూనె కలిసి ఉంటుంది, పైన పొరలా మిగులుతుంది. మొబైల్ రిపేర్ సామాను అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడగండి, ఇస్తారు. పీచు రాలని గుడ్డతో లోహం మెరిసేదాకా తుడిచి ఆరనివ్వండి.

కొత్త పేస్ట్ ఆర్కిటిక్ ఎంఎక్స్-4 గానీ, కూలర్‌తో వచ్చిందే గానీ ఏదైనా ఫర్వాలేదు. ఖరీదైన పేస్ట్‌కీ దీనికీ ఈ చిప్ మీద తేడా ఒకటి రెండు డిగ్రీలు. మధ్యలో కందిగింజంత, నాలుగు మూలల వైపు అందులో సగం చొప్పున చుక్కలు పెట్టండి. 5600లో వేడి పుట్టే కోర్ల ముక్క మూత కింద సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. అందుకే ఒక్క చుక్క పెట్టి ఊరుకోవడం కన్నా ఇది నయం. వేలితో పూయకండి. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ స్టిక్కర్ ఉందేమో చూసి పీకేయండి. కొత్త కూలర్ పెట్టాక ఉష్ణోగ్రత స్టాక్ కూలర్ కంటే ఎక్కువ వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఆ స్టిక్కరే. స్క్రూలు ఒక్కొక్కటి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా రెండేసి చుట్లు తిప్పుతూ నాలుగూ సమంగా దించండి. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నుల మీదే పెట్టాలి, లేకపోతే బూట్ అయ్యేటప్పుడు ఫ్యాన్ ఎర్రర్ వస్తుంది.

ఫ్యాన్ వేగం బయోస్‌లోనే సర్దుకోండి. 40 డిగ్రీలకు 30 శాతం, 60కి 50, 75కి 80, 85కి 100. రైజెన్ ఉష్ణోగ్రత క్షణాల్లో పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది. ఫ్యాన్ కూడా దాని వెంటే అరుస్తూ ఆగుతూ చిరాకు తెప్పిస్తుంది. ఫ్యాన్ స్టెప్ అప్ టైమ్ లేదా స్మూతింగ్ అనే ఆప్షన్‌ని రెండు మూడు సెకన్లకు పెడితే ఆ గోల ఉండదు.

టవర్ కూలర్‌తో వచ్చే చిన్న చిక్కు ఎక్కువమంది గమనించరు. స్టాక్ కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి పక్కనున్న వీఆర్‌ఎమ్‌కి కూడా తగులుతుంది. టవర్ కూలర్ గాలిని పక్కకి, వెనక్కి ఊదుతుంది. మీ బి550లో వీఆర్‌ఎమ్ మీద హీట్‌సింక్ ఉంటే భయం లేదు. హీట్‌సింక్ లేని చవక బి450 బోర్డుల మీద ఇదే ప్రయత్నం చేసేవాళ్లు మాత్రం వెనక ఫ్యాన్ తప్పకుండా పెట్టుకుని, పవర్ పరిమితి పెంచకుండా ఉండటం మంచిది.

ఇక ఓవర్‌క్లాక్. రైజెన్ 5000 తనంతట తానే ఓవర్‌క్లాక్ చేసుకునే చిప్. పవర్, రెండు రకాల కరెంటు, ఉష్ణోగ్రత, గరిష్ఠ క్లాక్ అనే హద్దుల్లో ముందు ఏది తగిలితే అక్కడ ఆగుతుంది. 5600లో అవి: పీపీటీ 76 వాట్లు, టీడీసీ (ఎక్కువసేపు పారే కరెంటు) 60 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం పారే గరిష్ఠ కరెంటు) 90 ఆంపియర్లు, 90 డిగ్రీలు, దాదాపు 4.45 గిగాహెర్ట్జ్. మనం చేయాల్సిందల్లా ఏ హద్దు ముందు తగులుతోందో చూసి దాన్ని జరపడం. సినీబెంచ్ నడిచేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పీపీటీ లిమిట్ శాతం వందకి చేరడం కనిపిస్తుంది. అదే మీరు ఆడే గేములో చూడండి. చాలా గేముల్లో ప్రాసెసర్ 50-60 వాట్ల దగ్గరే ఉంటుంది, పవర్ హద్దు తగలనే తగలదు, క్లాక్ హద్దే తగులుతుంది. కాబట్టి గేముల కోసం పవర్ పరిమితి పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. వీడియో రెండరింగ్, కోడ్ కంపైల్ లాంటి పనులకైతే లాభం.

దీనికి వాడే సాధనాలు రెండు: ఈ హద్దులని జరిపే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, అందరూ పీబీఓ అనేది, దానిలోనే ఉండి వోల్టేజిని సర్దే కర్వ్ ఆప్టిమైజర్. మొదలుపెట్టేముందు బయోస్ తాజాది వేసుకోండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు, కాబట్టి యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయండి. బోర్డు లేవకపోయినా బయోస్‌ని మళ్లీ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఆ భయం కొంత తక్కువ. బయోస్‌లో అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే చోట వెతకండి, కంపెనీని బట్టి దారి కొంచెం మారుతుంది. ఒక హెచ్చరిక వస్తుంది. అది ఉత్తుత్తిది కాదు, పీబీఓ వాడినందువల్ల జరిగిన నష్టానికి ఏఎండీ వారంటీ వర్తించదు.

పీబీఓని అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. లిమిట్స్ దగ్గర మదర్‌బోర్డ్ అని పెట్టకండి, బోర్డు తన సామర్థ్యం చూసుకుని వందల్లో అంకెలు వేస్తుంది, మీ గదిలో అవన్నీ వేడిగానే తేలతాయి. మాన్యువల్ ఎంచుకుని మొదట కంపెనీ అంకెలే, 76, 60, 90 వేయండి. స్కేలార్ ఆటోలో వదిలేయండి. థర్మల్ థ్రాటిల్ లిమిట్ కనిపిస్తే 85 వేయండి. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగటివ్, 10. గరిష్ఠ క్లాక్‌ని పెంచే బూస్ట్ ఓవర్‌రైడ్ సున్నా. సేవ్ చేసి మళ్లీ అదే సినీబెంచ్.

పవర్ పెంచకుండానే స్కోరు పెరగడం చూస్తారు. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో మెట్టు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 10 అంటే ప్రతి క్లాక్ దగ్గరా 30 నుంచి 50 మిల్లీవోల్టులు తగ్గినట్టు. వోల్టేజి తగ్గితే వాట్లు మిగులుతాయి, మిగిలిన వాట్లతో చిప్ క్లాక్ పెంచుకుంటుంది. వేడి తగ్గిస్తూ వేగం పెంచడం అంటే ఇదే. 4.7 బిగించడం ఎందుకు అనవసరం అన్నానో ఇప్పుడు తేలిపోతుంది.

తర్వాత మైనస్ 15, ఆపైన మైనస్ 20. ఒక్కో మెట్టు దగ్గరా పరీక్ష చేయాలి, ఆ పరీక్ష సినీబెంచ్ కాదు. అన్ని కోర్లూ బరువు మోసేటప్పుడు క్లాక్ తక్కువగా ఉంటుంది, అక్కడ మైనస్ 30 కూడా నిలబడొచ్చు. తేడా వచ్చేది తేలిక పనిలో, ఒకే కోర్ అత్యధిక క్లాక్‌కి ఎగిరినప్పుడు. మూడు గంటలు గేము ఆడితే ఏమీ కాని సిస్టమ్, బ్రౌజర్‌లో ఏదో చదువుతుంటే రీస్టార్ట్ అయ్యేది అందుకే. కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు దీనికోసమే ఉంది, ప్రైమ్95 అనే బరువైన లెక్కల టెస్టుని ఒక్కో కోర్ మీద వంతులవారీగా నడుపుతుంది. దాని సెట్టింగుల్లో ఎస్‌ఎస్‌ఈ మోడ్, హ్యూజ్ ఎఫ్‌ఎఫ్‌టీ, కోర్‌కి 6 నిమిషాలు పెట్టి మొదలుపెట్టండి. మెట్టు ఖాయం చేసుకునే ముందు రాత్రంతా వదిలేయండి. ఏ కోర్ తప్పిందో అదే చెబుతుంది. రీస్టార్ట్ అయిపోతే ఈవెంట్ 18లో ఉండే ఏపీఐసీ ఐడీ చూడండి. 0 లేదా 1 అయితే కోర్ 0, 2 లేదా 3 అయితే కోర్ 1, అలా రెండేసి చొప్పున లెక్క.

తప్పిన కోర్‌ని మాత్రమే వెనక్కి తీసుకోవడానికి ఆల్ కోర్స్ బదులు పర్ కోర్ ఎంచుకోవాలి. ఏఎండీ సొంత ప్రోగ్రాం రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం, చుక్క గుర్తులున్న కోర్లు చిప్‌లో మంచివి. మంచివి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ తగ్గించవచ్చని అనిపిస్తుంది, జరిగేది తలకిందులు. ఫ్యాక్టరీలోనే వాటికి తక్కువ వోల్టేజి కేటాయించి ఉంటారు, తగ్గించడానికి మిగిలింది తక్కువ. వాటికి మైనస్ 8 లేదా 10, మిగతావాటికి మైనస్ 20 అనేది మొదటి ప్రయత్నానికి బాగానే పనిచేసే అమరిక. అందరికీ మైనస్ 30 నిలుస్తుందని ఎవరైనా అంటే వాళ్లు కోర్‌సైక్లర్ తిప్పారో లేదో అడగండి.

వోల్టేజి నిలకడగా ఉందనిపించాక బూస్ట్ ఓవర్‌రైడ్‌కి రండి. 100 మెగాహెర్ట్జ్ వేసి పరీక్ష, ఆపైన 200. గరిష్ఠం 200 మాత్రమే. చిప్ అనుకూలిస్తే 4.65 దాకా వెళ్తుంది. మీరు వెంటపడిన 4.7కీ దీనికీ తేడా 50 మెగాహెర్ట్జ్, అది ఏ గేములోనూ కంటికి కనిపించదు. ఓవర్‌రైడ్ పెంచినప్పుడు అత్యధిక క్లాక్ పైకి జరుగుతుంది కాబట్టి ఇంతకుముందు నిలిచిన కర్వ్ ఇప్పుడు నిలవకపోవచ్చు. మంచి కోర్లని ఓ మూడు నాలుగు మెట్లు వెనక్కి తెచ్చి మళ్లీ కోర్‌సైక్లర్ తిప్పాలి. పవర్ పరిమితి చివర్లో, అదీ రెండరింగ్ లాంటి పనులున్నవాళ్లకి: పీపీటీ 95, టీడీసీ 70, ఈడీసీ 100. టవర్ కూలర్ ఉంటే ఇది సుఖంగా మోస్తుంది. అంతకు మించి పోస్తే స్కోరు కన్నా వేడే ఎక్కువ పెరుగుతుంది.

క్లాక్ అంకె చూసి మోసపోకండి. వోల్టేజి మరీ తక్కువైనప్పుడు కొన్నిసార్లు సిస్టమ్ ఆగదు. పైకి 4.6 చూపిస్తూనే లోపల మెల్లగా నడుస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మామూలు క్లాక్ పక్కన ఎఫెక్టివ్ క్లాక్ ఉంటుంది. పూర్తి లోడ్‌లో ఆ రెండింటికీ కొన్ని పదుల మెగాహెర్ట్జ్‌కి మించి తేడా ఉంటే, లేదా క్లాక్ పెరిగినా స్కోరు తగ్గితే, ఒక మెట్టు వెనక్కి రండి.

ఏదైనా మార్పు తర్వాత తెర నల్లగా ఉండిపోతే కంగారు వద్దు. కరెంటు ఆపి, బోర్డు మీద క్లియర్ సీమాస్ అనే రెండు పిన్నులని స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. అవి దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. బయోస్ మొదటికొస్తుంది. అందుకే నిలబడిన ప్రతి అమరికనీ బయోస్‌లోనే ప్రొఫైల్‌గా సేవ్ చేయండి, ఫోన్‌తో ఫోటో కూడా తీసుకోండి. కొన్ని బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేస్తే పాత ప్రొఫైళ్లు పోతాయి.

ఇదంతా చదివి వేరే చిప్‌ల మీద ప్రయోగం చేయబోయేవాళ్లకి రెండు ముక్కలు. ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. 5800ఎక్స్3డీకి ఏఎండీయే తాళం వేసింది. రైజెన్ 7000లో పేరు చివర ఎక్స్ ఉన్న చిప్‌లు అన్ని కోర్ల మీద బరువు పడితే 95 డిగ్రీలకు వెళ్లి అక్కడ నిలబడటం డిజైనే, అది చూసి కూలర్ పాడైందనుకోకండి. ఇంటెల్‌లో పేరు చివర కే ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ ఉంటేనే క్లాక్‌ని నిర్ణయించే మల్టిప్లయర్ కదులుతుంది. 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 వాడేవాళ్లు ఓవర్‌క్లాక్ ఆలోచనకి ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. ఎక్కువ వోల్టేజి అడిగి చిప్‌లు మెల్లగా పాడవుతున్న సమస్యకి ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (బయోస్ ద్వారా చిప్ ప్రవర్తనని సరిచేసే కోడ్) విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే పాడైన చిప్‌ని మైక్రోకోడ్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

మీ సిస్టమ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 ఉంది కాబట్టి ఒక విషయం ముందే చెబుతున్నా. 1080పీలో గ్రాఫిక్స్ హై లేదా అల్ట్రా పెట్టి ఆడితే ఫ్రేములని ఆపేది చాలావరకు ఆ కార్డే, ప్రాసెసర్ కాదు. గేములో జీపీయూ వాడకం 97-99 శాతం చూపిస్తోందంటే ప్రాసెసర్‌కి ఎంత చేసినా సగటు ఫ్రేములు కదలవు. సెట్టింగులు తగ్గించి, 144 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్ లాంటివి ఆడేవాళ్లకి మాత్రం తేడా తెలుస్తుంది.

మీరు ఇప్పుడు చేయాల్సిన వరస: డిఫాల్ట్స్, ఎక్స్‌ఎంపీ, కొలతలు, తలుపు తీసిన పరీక్ష, కూలర్, ఆ తర్వాత మైనస్ 10. కూలర్ వచ్చేలోగా స్టాక్ కూలర్ మీద కూడా మైనస్ 10 నిశ్చింతగా ప్రయత్నించవచ్చు, అది వేడిని తగ్గించేదే. హీట్‌సింక్‌ని రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ఇప్పుడు చల్లటి రోజుల్లో నిలబడిన అమరికని ఖాయం అనుకోకండి. ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు కోర్‌సైక్లర్, సినీబెంచ్ మళ్లీ ఒకసారి తిప్పండి. అప్పుడు ఏదైనా కోర్ తప్పితే దాన్ని మూడు మెట్లు వెనక్కి తెచ్చి, వేసవి ప్రొఫైల్ అని వేరే పేరుతో సేవ్ చేసుకోండి.